పాటలో దిగుడు

మా అమ్మకు నన్ను కన్న తర్వాతే చెవులు పోయాయి. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నన్ను నొప్పించాలని అనేవాళ్ళు కాదు. సొంత ఊరేదో చెప్పినంత మామూలుగా చెప్పేవాళ్ళు. "ఈ పిల్ల పుట్టినాకే ఆమెకు చెవులు మందమైనాయప్పా" అని మా మేనత్త ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ నన్ను పరిచయం చేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేనేం చేశాను? పుట్టాను, అంతే కదా!

అమ్మ పుట్టిల్లు మా బెంగళూరుకు పక్కనే ఉన్న దొడ్డబళ్ళాపురం. వాళ్ళింట్లో పవర్‌లూం మగ్గాలుండేవి. మా అమ్మమ్మకూ పిల్లలు పుట్టాకే వినికిడి తగ్గిందట, కానీ చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. మగ్గాల షెడ్డులో అందరూ అరుచుకునే మాట్లాడతారు. పైగా ఆ రకం చెవుడు ఉన్నవాళ్ళకు రొదలో మాట బాగానే అందుతుంది, నిశ్శబ్దంలోనే అందదు. అమ్మా అంతే. సిటీ బస్సులో పక్కన కూర్చుని నేను ఏదో గొణిగితే ఠక్కున జవాబు చెప్పేది. అదే ఇంట్లో, చప్పుడు లేని మధ్యాహ్నం, వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. కావాలనే పలకడం లేదనుకుని చిన్నప్పుడు ఎన్నిసార్లు అలిగానో లెక్కలేదు.

నాకు భయం పట్టుకున్నది తొంభైల్లో, డిగ్రీ చదివే రోజుల్లో. అమ్మను చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. లోపల ఒక చిన్న ఎముక బిగుసుకుపోతుందని, ముందు లోతైన శబ్దాలు తగ్గుతాయని, ఇది వంశంలో వస్తుందని, ఆడవాళ్ళకు కాన్పుతో ముదరడం కద్దని ఆయన బొమ్మ గీసి చెప్పాడు. జబ్బు అమ్మది, బొమ్మ మాత్రం నా వైపు తిప్పి పెట్టాడు. "మీకింకా పెళ్ళి కాలేదు కదా?" అని అడిగి, పెన్ను మూత పెట్టేశాడు.

మెట్లు దిగుతుంటే అమ్మ నా మొహంలోకి చూస్తూ అడిగింది. "ఏమంటాడు?"

"మిషను పెట్టుకోమన్నాడు."

"అంతేనా?"

"అంతే" అన్నాను.

ఆ ఏడాదే నా చేతికి ఆ క్యాసెట్టు వచ్చింది.

న్యూ వేవ్ అనేవాళ్ళు ఆ రకం సంగీతాన్ని. ఎక్కడో చలిదేశపు బృందం. మా దాకా వచ్చేసరికి ఆ బృందం విడిపోయి, వాళ్ళను చూసి పాటలు కట్టినవాళ్ళు కూడా పాతబడిపోయారు. మల్లేశ్వరంలో నా స్నేహితురాలి వాళ్ళింట్లో, వాళ్ళ చిన్నాన్న పని మీద విదేశం వెళ్ళినప్పుడు తెచ్చిన ఎల్పీ రికార్డు ఒకటి ఉండేది. దాన్ని ఆమె అన్న క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఆ తర్వాత ఎవరో తుడిచి ఎండలో పెడితే రికార్డు అప్పడంలా వంకర తిరిగిపోయింది. ఇక మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టు. దాన్నుంచి తీసిన కాపీలు, ఆ కాపీలకు కాపీలు. బెంగళూరులో ఆ ఆల్బం పిచ్చివాళ్ళు ఇంకా ఎందరున్నారో గానీ, మా గుంపు మొత్తానికి అదే మూలం.

మొదటిసారి విన్నప్పుడు మిగతావాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆ పాటల్లో గిటారు ఏడవదు, గాయకుడు బతిమాలడు. యంత్రపు డప్పు ఒకే వేగంతో చటక్ చటక్‌మని కొడుతుంటే, దాని మీద ఒకతను బస్టాండులో ప్రకటన చదివినట్టు పాడుకుంటూ పోతాడు. వాళ్ళకది వింత. నాకు మాత్రం మా అమ్మమ్మ షెడ్డులోకి వెళ్ళినట్టే అనిపించింది. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ మగ్గాల చప్పుడులోనే అమ్మ నా మాటలన్నీ వినేది. ఆ ఆల్బం మీద నాకు ప్రేమ ఎందుకు పుట్టిందని ఎవరైనా అడిగితే ఇంతకుమించి చెప్పలేను.

రెండో వైపు మూడో పాటలో ఒక చోటు ఉండేది. పాట హాయిగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కిందికి జారుతుంది. డప్పు నెమ్మదిస్తుంది. గొంతు బరువెక్కి, సాగి, బావిలోకి దిగుతున్న మనిషి గొంతులా లోతుకు పోతుంది. అడుగున ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మెల్లగా పైకెక్కి, ఏమీ జరగనట్టు సాగిపోతుంది. దానికి మేం దిగుడు అని పేరు పెట్టుకున్నాం. పాట పేరు పలకడం మాలో సగంమందికి రాదు గానీ, దిగుడు పాట అంటే అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ మల్లేశ్వరం ఇంటి మేడమీద గదిలో చేరేవాళ్ళం. దిగుడు వచ్చేసరికి అందరం లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, పాటతో పాటు మోకాళ్ళు వంచి నేల దాకా దిగేవాళ్ళం. పాట ఎక్కేటప్పుడు దాంతో పాటే లేవాలి. ముందు లేచినవాడికి ఆ రోజు కాఫీ లేదు. ఎందుకలా చేసేవాళ్ళమంటే ఏం చెప్పను, ఆ వయసు అలాంటిది. దాని అర్థం ఏమిటన్న దాని మీద యుద్ధాలు జరిగేవి. ప్రేయసి చచ్చిపోయిన క్షణం అని నా స్నేహితురాలు. యంత్రయుగం మనిషిని ఎలా కిందికి లాగుతోందో చెప్పే చోటు అని ఇంజనీరింగు చదివే ఒక మహానుభావుడు. ఆమె అన్న మాత్రం మీసంలో నవ్వుకుంటూ క్యాసెట్టు తిప్పి పెట్టేవాడు.

నేను దిగుడును వేరే పనికి వాడుకునేదాన్ని. లోతైన శబ్దాలే ముందు పోతాయన్నాడు కదా డాక్టరు. నాకు తెలిసినవాటిలో అంతకంటే లోతైన శబ్దం లేదు. పొద్దున కాలేజీకి బయల్దేరే ముందు వాక్‌మన్ చెవులకు తగిలించుకుని ఆ చోటు పెట్టుకునేదాన్ని. గొంతు అడుగు దాకా వెళ్ళడం వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. ఎప్పుడైనా టేపు మురికి పట్టి శబ్దం మసకబారితే గుండె జారిపోయేది. దూదితో హెడ్డు తుడిచి మళ్ళీ వినేదాకా అన్నం దిగేది కాదు. మిగతావాళ్ళు భక్తితో వినే పాటను నేను భయంతో వినేదాన్ని. అయినా ప్రేమ తగ్గలేదు. రెండూ కలిసే పెరిగాయి.

కొత్త శతాబ్దం వచ్చింది. మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. నా స్వభావానికి సరిపడినదే అని ఇంట్లో నవ్వారు. పెళ్ళయింది. మా ఆయనది గుంటూరు వైపు. నేను 'ఉండాది' అన్నప్పుడల్లా, "ఉండాది కాదు, ఉంది. మా వాళ్ళు నువ్వు కన్నడమ్మాయివనుకుంటున్నారు" అని ఏడిపించేవాడు. బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దెకు దిగిన కొత్తలో నా క్యాసెట్టు విని, "ఇదేం పాటే, మిక్సీ కాలిపోతున్నట్టుంది" అన్నాడు. ఒకరోజంతా మాట్లాడలేదు నేను.

డాక్టరు చెప్పిన సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే పిల్లలే వద్దంటాడేమోనని ఒక భయం. పర్వాలేదు, కందాం అంటాడేమోనని ఇంకో భయం. ఏదో ఒక వంక చెప్పి కొంతకాలం నెట్టుకొచ్చాను. ఆ తర్వాత నా మనసే మారింది. ఆఫీసులో ఎవరైనా చంటిపిల్లను తీసుకొస్తే అందరికంటే ముందు నేనే ఎత్తుకునేదాన్ని. నాకు బిడ్డ కావాలి, చెవులూ కావాలి. రెండూ దక్కినవాళ్ళు మా అమ్మ వైపు ఎవరూ లేరు.

నెల తప్పిన దగ్గరనుంచి నా రోజు దిగుడుతోనే మొదలయ్యేది. పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి. అడుగు అందిందా? అందింది. మరి నిన్నటికంటే సన్నగా అందిందా? అక్కడ తెగేది కాదు. టీవీ సౌండు ఎందుకంత పెడతావని మా ఆయన అడిగితే, కింద రోడ్డు పని జరుగుతోంది కదా అన్నాను. మీటింగుల్లో మెత్తగా మాట్లాడే మా మేనేజరుకు గొంతు లేదనుకున్నాను.

ఐదో నెలలో ఉండగా స్నేహితురాలు ఫోను చేసింది. "అన్న సీడీ తెప్పించినాడే! మన ఆల్బమ్మే! శబ్దమంతా శుభ్రం చేసి మళ్ళీ వేసినారంట. ఆదివారం అందరూ వస్తా ఉండారు."

అందరూ వచ్చారు. జుట్టు పలచబడినవాళ్ళు, పొట్టలు వచ్చినవాళ్ళు, మధ్యాహ్నం నిద్ర మానుకుని, నగరం ఆ మూలనుంచి ఈ మూలకు ట్రాఫిక్కులో ఈదుకుంటూ వచ్చారు. అదే మేడమీద గది. కొత్త స్పీకర్లు. మొదటి పాటకే కొందరి కళ్ళు చెమర్చాయి. అంత స్పష్టంగా మేమెన్నడూ వినలేదు. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. నేనూ ఏడ్చాను, కానీ నా కన్నీళ్ళు వేరు. ఊపిరి వినిపించిందని ఏడ్చాను.

దిగుడు పాట మొదలైంది. మాట్లాడుకోకుండానే అందరం లేచాం. కళ్ళు మూసుకున్నాం. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి గోడ మీద ఆనించి నేనూ సిద్ధంగా ఉన్నాను. ఆ చోటు వచ్చింది. మోకాళ్ళు వంచాను.

పాట దిగలేదు. చటక్ చటక్‌మని తిన్నగా నడిచిపోయింది.

కళ్ళు తెరిచి చూశాను. అందరూ కళ్ళు మూసుకుని నేల దాకా దిగి ఉన్నారు. ఒక్కొక్కరే, సరిగ్గా ఎప్పుడు లేవాలో అప్పుడే లేస్తున్నారు. అందరికీ వినిపిస్తోంది. నాకొక్కదానికే లేదు. లోతైన శబ్దం వినపడకపోతే మధ్యలో ఖాళీ ఉండాలి గానీ పాట తిన్నగా ఎలా నడుస్తుంది అన్న ఇంగితం కూడా లేకపోయింది. ఊరందరి తప్పులూ పట్టే టెస్టర్ని, నాకు ఆ చిన్న విషయం తట్టలేదు. వచ్చేసింది, ఇక వచ్చేసింది అన్న ఒక్క మాటే లోపల తిరుగుతోంది. బాల్కనీలోకి వెళ్ళి కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. లోపల బిడ్డ కదిలింది. జీవితంలో మొదటిసారి నాకు ఆ బిడ్డ మీద కోపం వచ్చింది.

స్నేహితురాలు పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? నొప్పా?"

"దిగుడు నాకు వినపడలే."

"ఉంటే కదా వినపడేకి! సీడీలో లేదే అది!"

"మరి మీరంతా వంగినారు?"

"అలవాటు మీద వంగినాం. నువ్వు వంగలే?"

ఆమె భుజం మీద తల పెట్టుకుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆమెకు కారణం తెలియక, "సీడీలో లేకపోతే పోనీలేవే, దానికేంది ఇంత బేజారు" అని వీపు నిమిరింది.

లోపల రణరంగంగా ఉంది. సీడీ దొంగసరుకని ఒకరు, శుభ్రం చేసే వంకతో ఆత్మను కోసేశారని ఇంకొకరు. కాసేపు చూసి స్నేహితురాలి అన్న చేతులెత్తాడు. "అది మోటారప్పా" అన్నాడు.

"ఏం మోటారు?"

"మా ఇంటి నీళ్ళ మోటారు. నేను రికార్డు ఎక్కిస్తా ఉంటే అమ్మ కింద ట్యాంకుకు నీళ్ళు ఎక్కించేకి మోటారు వేసింది. కరెంటు డిమ్మయి రికార్డు మెల్లగా తిరిగింది. టేపు రికార్డరు సెల్లుల మీద ఉన్నింది, అది మాత్రం ఉన్నదున్నట్టు పట్టేసింది."

ముందు ఆయన చెల్లెలే లేచింది. "ఇన్నేండ్లూ చెప్పలేదేంన్నా?"

"చెప్దామనే అనుకొన్నా. చూస్తే మీరు మోకాళ్ళేసి దండాలు పెడతా ఉండారు. సుమ్నే, ఊరికే ఎందుకు మనసు విరిచేదని ఊరుకొన్నా."

"నువ్వూ వంగినావు గదా మాతో!"

"నాకూ అదే బాగుంటుందప్పా" అన్నాడు సిగ్గుపడుతూ.

ఇంజనీరింగు మహానుభావుడు మాత్రం ఓడిపోలేదు. "మోటారు యంత్రం కాదా మరి? నేను చెప్పింది అదే కదా" అన్నాడు. ఆయన్ని కొట్టినంత పని చేశారు. చివరికి సీడీ తీసేసి పాత క్యాసెట్టే పెట్టించుకుని, దిగుడు దగ్గర ఇంకోసారి వంగి, అప్పుడు కాఫీ తాగారు. ఇప్పటికీ మా గుంపులో మోటారు ఉన్నదే అసలు పాట. సీడీ విన్నవాళ్ళను పాపం అన్నట్టు చూస్తారు.

ఆ సాయంత్రం ఇంటికి గాలిలో తేలుతూ వచ్చాను. ఇన్నేళ్ళ భయం ఒక నీళ్ళ మోటారు దగ్గర తేలిపోయిందనిపించింది. వాక్‌మన్‌లో నా క్యాసెట్టు పెట్టుకుంటే దిగుడు అడుగు దాకా అందింది. మర్నాడూ అందింది. ఆ వారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని అనుకున్నదాన్ని మానేశాను.

ఎనిమిదో నెలలో సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం మంచం మీద వాలి, కళ్ళు మూసుకుని ఆల్బం రెండో వైపు వింటున్నాను. మొదటి పాట, రెండో పాట, దిగుడు పాట. గొంతు మెల్లగా దిగింది, అడుగున ఆగింది, ఎక్కింది. హాయిగా అనిపించి కళ్ళు తెరిచేసరికి మా ఆయన నా పక్కన కూర్చుని, వాక్‌మన్ చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. నా చెవులకున్న హెడ్‌ఫోను ఒక వైపు లాగాడు.

"ఏం వింటున్నావ్? ఇది ఆగిపోయి ఉంది కదా."

చూశాను. చక్రాలు తిరగడం లేదు. సెల్లులు అయిపోయి ఎంతసేపయిందో.

కునుకు పట్టింది, కలలో విన్నట్టున్నాను అని చెప్పాను. ఆయన నవ్వి సెల్లులు తేవడానికి వెళ్ళాడు. నేను మాత్రం నిద్రపోలేదు. ఆ పాటకు నా చెవులతో పనిలేదు. ప్రతి మాటా, ప్రతి డప్పు దెబ్బా కంఠతా వచ్చేసి, లోపలే మోగుతోంది. మరి ఇన్ని నెలలుగా పొద్దునా సాయంత్రం నేను పరీక్షించింది చెవులనా, జ్ఞాపకాన్నా? ఎప్పటినుంచి వినడం మానేసి తలచుకోవడం మొదలుపెట్టానో తెలుసుకునే దారే లేదు. ప్రాణంగా ప్రేమించిన పాట నన్ను ఇలా మోసం చేస్తుందనుకోలేదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు. అయినా డాక్టరు దగ్గరికి పోలేదు. కాన్పు కానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

ఆస్పత్రి రొదరొదగా ఉంది. ట్రాలీల చప్పుడు, నర్సుల అరుపులు, కిటికీ కింద జనరేటరు. ఆ గోలలోనుంచి నా బిడ్డ మొదటి ఏడుపు కేరుమని స్పష్టంగా వినిపించింది. "ఆడపిల్ల" అని నర్సు చెప్పిన మాటా వినిపించింది. మా ఇంట్లో గండం దాటినదాన్ని నేనొక్కదాన్నే అనుకుని, అలసిపోయి, నవ్వుకుంటూ నిద్రపోయాను. మా అమ్మమ్మ షెడ్డు నాకు అప్పుడు గుర్తు రాలేదు.

బ్రూక్‌ఫీల్డ్ ఇంటికి అమ్మ నాకు సాయంగా వచ్చింది. చలికాలం. ఆ అపార్ట్‌మెంటులో మధ్యాహ్నాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే, అందరూ ఆఫీసులకు పోయాక పిట్ట కూడా అరిచేది కాదు. పాపకు పాలిచ్చి, లోపలి గదిలో పడుకోబెట్టి, చలిగాలి తగలకుండా తలుపు దగ్గరగా వేశాను. హాల్లో అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని మా ఆయన కోసం నానబెట్టిన అవరె గింజలు, వాళ్ళ వైపు మాటలో అనపగింజలు, పొట్టు పోయేలా పితుకుతున్నాం. చెవి నొప్పిగా ఉందని అమ్మ మిషను తీసి బల్ల మీద పెట్టింది. ఆమె నా పెదాలు చూస్తూ మాట్లాడుతోంది. నేను ఆమె పెదాలు చూస్తున్నానని నాకు తెలియదు. పాప బుద్ధిమంతురాలు, ఎంతసేపైనా పడుకుంటుంది అని చెప్పుకుని మురిసిపోతున్నాం.

తలుపు తెరుచుకుంది. తాళంచెవి తిరిగిన చప్పుడు నాకు తెలియలేదు, వెలుతురు పడితే తలెత్తాను. మా ఆయన భోజనానికి వచ్చినట్టున్నాడు. మమ్మల్నిద్దర్నీ ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. బూట్లు కూడా విప్పకుండా లోపలి గదిలోకి పరిగెత్తాడు. పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. పాప మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నోరు పూర్తిగా తెరిచి ఉంది. పాప ఏడుస్తోందని నాకు కళ్ళకు తెలిసింది. ఆయన రెండడుగులు దగ్గరికి వేశాక, ఎక్కడో పక్క వీధిలో నుంచి వచ్చినట్టు, సన్నగా ఆ ఏడుపు నా దాకా వచ్చింది.

"లిఫ్టు దగ్గరికే వినపడుతోంది" అన్నాడు. "ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా! ఎంతసేపటినుంచి ఏడుస్తోందిరా నా తల్లి!"

నా ఒళ్ళోంచి గింజలు నేల మీద పడ్డాయి. ఆల్బం మొత్తం నాకు కంఠస్థం. నా బిడ్డ ఏడుపు కంఠస్థం కాదు. అది ప్రతిసారీ కొత్తగానే ఏడుస్తుంది, కొత్తగానే వినాలి.

అమ్మ పాపను చూడలేదు. నన్నే చూస్తోంది. నేను పుట్టినప్పటినుంచీ అందరి మొహాలూ చదివి బతికిన మనిషి, ఆమె దగ్గర ఏం దాస్తాను. గొంతు పైకి రాకుండా, పెదాలతోనే అడిగింది.

"నీకూనా?"

తలూపాను. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి నా తలను తన పొట్టకు అదుముకుంది. మా ఆయన పాపను ఊపుతూ మమ్మల్ని మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయనకు చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ముందుగా అమ్మా నేనూ, ఒకరికొకరం ఏమీ చెప్పుకోకుండానే, ఒక్కసారే ఆయన చేతుల్లో ఉన్న ఆడపిల్ల వైపు తిరిగి చూశాం.